ప్రైవసీ మామ

నంద్యాలలో రాజకీయం మాట్లాడేవాళ్లకు కొదవ లేదు. ఉగ్గాని బండి దగ్గర నిలబడితే చాలు, ప్లేటు ఖాళీ అయ్యేలోపు రెండు ప్రభుత్వాలు కూలిపోయి మూడోది ప్రమాణ స్వీకారం చేసేస్తుంది. వానల మీద, వడ్ల ధర మీద అభిప్రాయం లేని మనిషి ఈ జిల్లాలో ఇంకా పుట్టలేదు. అయితే ఈ పదేళ్లలో కొత్త జాతి ఒకటి బయల్దేరింది. వీళ్లకు ఎమ్మెల్యే ఎవరైనా ఒకటే. అమెరికాలో ఎవడో తన కంపెనీ షరతుల్లో ఒక పేరా మారిస్తే మాత్రం ఇక్కడ సంజీవనగర్‌లో వీళ్లకు నిద్ర పట్టదు. మా వీధికి దక్కిన నమూనాను పిల్లలు ప్రైవసీ మామ అంటారు. మీ వీధిలో కూడా ఒకాయన ఉండే ఉంటాడు, పేరు వేరే అయివుంటుంది.

అరవై దాటిన మనిషి. చొక్కా జేబులో ఫోను, ఫోను కెమెరా మీద కరెంటు పనివాళ్లు వాడే నల్ల టేపు ముక్క. లొకేషన్ ఎప్పుడూ ఆఫ్. "నేను యాడుండేది కంపెనీవాళ్లకు తెలియగూడదప్పా" అంటాడు. పొద్దున ఆరింటికి టీ అంగట్లో, పదింటికి జిరాక్స్ అంగట్లో, సాయంత్రం మళ్లీ టీ అంగట్లో ఉంటాడని ఊరందరికీ తెలుసు. కంపెనీవాళ్లు వీధి మొదట్లో ఎవరినడిగినా వేలు పెట్టి చూపిస్తారు. ఫోనుకు లాకు పెట్టుకున్నాడు, నెంబరు తన పెళ్లిరోజు. పెళ్లిరోజు కాబట్టి ఆయనకు గుర్తుండదు. లాకు పడినప్పుడల్లా లోపల వంటింట్లో ఉన్న అత్తను అడగాలి. అందువల్ల ఆ ఇంట్లో పాస్‌వర్డ్ భద్రంగా ఉన్నది అత్త దగ్గర మాత్రమే.

మామకు వార్తలు వచ్చే దారి ఒకటే. కొడుకు బెంగళూరులో సాఫ్ట్‌వేరు. శనివారం వాడు ఫోనులో అరముక్క చెప్తే, ఆదివారం పొద్దునకు మామ దాన్ని తీర్పుగా మార్చేస్తాడు. ఆ తీర్పుకు టీ అంగడే బెంచి, అప్పీలు ఉండదు.

ఆయన తలతిక్క మనిషని నవ్వేసి పోదామంటే కుదరదు. ఉన్నట్టుండి ఒక మాట అంటాడు, అది గుచ్చుకుంటుంది. 2015 చివర్లో ఫేస్‌బుక్‌వాళ్లు ఫ్రీ బేసిక్స్ అని పేపర్లలో పేజీలకు పేజీలు ప్రకటనలు వేశారు. బీదవాళ్లకు ఇంటర్నెట్ ఉచితం, కాకపోతే ఆ పథకంలో చేర్చిన సైట్లే వస్తాయి. ఊరికే వస్తే వద్దంటారా అని అంగట్లో అందరూ అన్నారు. మామ గ్లాసు కింద పెట్టి, "కె.సి. కాలవ నీళ్లు ఊరికే ఇస్తాం, మేం చెప్పిన పైరే పెట్టాల అంటే ఒప్పుకుంటావా?" అన్నాడు. అంగడి గమ్మున అయిపోయింది. ఆ కాలవ సంగతి ఇక్కడివాళ్లకు తెలుసు. 1860లలో దాన్ని తవ్వింది ప్రభుత్వం కాదు, మద్రాసు ఇరిగేషన్ కంపెనీ అనే ఇంగ్లీషు కంపెనీ. లాభం రాక చేతులెత్తేస్తే 1882లో సర్కారు కొనుక్కుంది. కాలవ కంపెనీ చేతిలో ఉంటే ఎలా ఉంటుందో చూసిన తాతలకు మనవళ్లం మరి. 2016 ఫిబ్రవరి 8న టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఆ పథకం కుదరదని తేల్చింది. ఆ రోజు మామ అందరికీ టీ పోయించాడు. తన మాట ఢిల్లీదాకా ఎలా చేరిందో ఆయనకే అంతు చిక్కలేదు గానీ, చేరిందనే ఆయన నమ్మకం.

నంద్యాలకు దేశ టెక్నాలజీ చరిత్రలో పెద్దపీట వేయాలన్నది ఆయన రెండో వాదం. 1991 ఉప ఎన్నికలో పి.వి. నరసింహారావును 5 లక్షలకు పైగా మెజారిటీతో పార్లమెంటుకు పంపింది మనమే. ఆయన ప్రధానిగా ఉండగానే 1994లో కొత్త టెలికాం విధానం వచ్చింది. 1995 జూలై 31న కలకత్తా నుంచి ముఖ్యమంత్రి జ్యోతి బసు ఢిల్లీలోని టెలికాం మంత్రి సుఖ్‌రామ్‌తో దేశంలో మొదటి సెల్‌ఫోను మాట మాట్లాడాడు. "అంటే ఈ సెల్లు ఎవరి పుణ్యం?" అని మామ ఆగుతాడు. మనం "నంద్యాల ఓటర్లది" అనాలి. అనకపోతే మళ్లీ 1991 నుంచి మొదలుపెడతాడు.

ఇన్ని చెప్పే మామ జీవితంలో పెద్ద బాధ ఒకటుంది, అది కూడా ఎన్నికల వల్లే. 2017 ఆగస్టులో నంద్యాల ఉప ఎన్నిక గుర్తుందా? మంత్రులంతా ఇక్కడే కాపురం పెట్టారు, లాడ్జీల్లో గది దొరకలేదు. 23న పోలింగు. ఆ మరునాడే, 24న, సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది జడ్జీలు ఒక్కమాటగా ప్రైవసీ ప్రాథమిక హక్కని తీర్పు చెప్పారు. కర్ణాటక హైకోర్టులో పనిచేసి రిటైరైన జస్టిస్ పుట్టస్వామి అనే పెద్దాయన ఎనభై ఆరేళ్ల వయసులో, 2012లో, ఆధార్ మీద వేసిన కేసు అది. మామ టీ అంగడికి పరుగెత్తుకొచ్చి "మనకు గుట్టుగా బతికే హక్కు వచ్చిండాదప్పా!" అన్నాడు. ఒక్కరూ తలెత్తలేదు. ఏ వార్డులో ఎవరికి ఎంత పడిందో లెక్క తేలుస్తున్నారు. ఫలానా వీధిలో మూడిళ్లు అటు పోయినాయి, ఫలానా ఇంట్లో మామాకోడళ్లు ఇటు, కొడుకు అటు అని వేళ్ల మీద చెప్తున్నారు. రహస్య బ్యాలెట్ అయిపోయి ఇంకా ఒక పూట నిండలేదు. 28న ఫలితం వచ్చేదాకా మామ హక్కు బెంచీ మీదే పడి ఉంది.

ఆ తొమ్మిదిమందిలో ఒకరు మన కృష్ణా జిల్లాకు చెందిన జస్టిస్ చలమేశ్వర్. ఇంకొకరు జస్టిస్ అబ్దుల్ నజీర్, 2023లో ఆయనే మన రాష్ట్రానికి గవర్నరుగా వచ్చారు. ఈ సంగతి తెలిసిన నాటి నుంచి మామకు కొమ్ములొచ్చాయి. సిమ్ము అంగట్లో కుర్రవాడు ఆధార్ అడిగితే, "2018 సెప్టెంబరులో కోర్టు చెప్పింది వినలేదా, సిమ్ముకు ఆధార్ తప్పనిసరి గాదు" అని నిలదీశాడు. వాడు తొణకలేదు. "సిమ్ము కూడా తప్పనిసరి గాదు మామా" అన్నాడు. ఇంత చక్కటి తీర్పు తొమ్మిదిమంది కలిసి కూడా రాయలేరు.

జిరాక్స్ అంగడి కథ వేరు. ఆధార్ కాపీ తీయించుకున్న ప్రతివాడికీ మామ పెన్ను ఇచ్చి, కాపీ మీద అడ్డంగా గీత గీసి, ఎందుకోసం ఇస్తున్నారో, ఏ తేదీనో రాయమంటాడు. చాలామంది విసుక్కుంటారు. 2022 మే 27న బెంగళూరులోని ఆధార్ ప్రాంతీయ కార్యాలయమే ఒక హెచ్చరిక జారీ చేసింది: కాపీలు ఎవరికిబడితే వాళ్లకు ఇవ్వొద్దు, చివరి 4 అంకెలే కనిపించే కాపీ వాడండి అని. ఆ వార్త పేపర్లో వచ్చిన రోజు మామ ఇస్త్రీ చొక్కా వేసుకుని జిరాక్స్ అంగడి ముందు పెళ్లికొడుకులా నిలబడ్డాడు. 29న, జనం అపార్థం చేసుకునే ప్రమాదం ఉందని, కేంద్రం ఆ హెచ్చరికను వెనక్కి తీసుకుంది. రెండు రోజుల ప్రభుత్వం అంటారే, అది మామ చూశాడు. "సలహా ఎనక్కి తీసుకున్యారు గానీ, ఇచ్చిన కాపీలు ఎనక్కి తీసుకుంటారా?" అని గొణిగాడు. దీనికి నా దగ్గరా జవాబు లేదు.

ఆచరణలో మామ పరిస్థితి అంతంతమాత్రం. 2021 జనవరిలో వాట్సాప్ కొత్త షరతులు పెట్టినప్పుడు అందరికంటే ముందు దాన్ని పీకేసి సిగ్నల్‌కు మారాడు. అక్కడ ఆయనకు తెలిసిన మనిషి కొడుకు ఒక్కడే. వాడు కూడా "డాడీ, వాట్సాప్‌లోకి రా" అని మెసేజి పెట్టాడు. ఈలోపు చావు కబుర్లన్నీ వాట్సాప్‌లో వచ్చి పోయాయి. సీమలో పెళ్లికి పోకపోతే ఏదో ఒకటి సర్ది చెప్పుకోవచ్చు, దినానికి పోకపోతే మూడు తరాలు గుర్తుపెట్టుకుంటారు. రెండు దినాలు తప్పిపోయాక మామ తిరిగొచ్చాడు. ఏ షరతుల మీద అలిగిపోయాడో ఆ షరతులు చదవకుండానే ఒప్పుకున్నాడు. 2025 జనవరి 30న ప్రభుత్వమే మన మిత్ర పేరిట 161 సేవలను అదే వాట్సాప్‌లో మొదలుపెట్టేసరికి ఆయన నోట మాట రాలేదు. తిట్టుకుంటూనే దాంట్లో కరెంటు బిల్లు కట్టాడు.

ఆళ్లగడ్డలో మామకు ఒక బావమరిది ఉన్నాడు. ఆయనది అచ్చంగా ఎదురు జాతి. ఫోను ఏది అడిగినా "అలౌ" నొక్కేస్తాడు. ఫోటోలా, అలౌ. మైకా, అలౌ. టార్చిలైటు యాప్ ఇంట్లోవాళ్ల నెంబర్లన్నీ అడిగినా అలౌ. "ఏముందప్పా మన దగ్గర దాచుకునేది? రెండెకరాల మిట్ట, ఒక బీపీ" అంటాడు. మామ నెలకోసారి సిరివెళ్ల మీదుగా బస్సెక్కి పోయి ఆయనకు బుద్ధి చెప్పి వస్తుంటాడు. బీపీ ఉన్నట్టు ఇన్సూరెన్సువానికి తెలిస్తే ప్రీమియం ఏమవుతుందో ఆలోచించమంటాడు. బావమరిది మజ్జిగ ఇప్పిస్తాడు.

ఒకసారి ఆ ప్రయాణంలో నేనూ వెంట ఉన్నాను. ఆళ్లగడ్డ అంటే శిల్పుల ఊరు కదా, రోడ్డు పక్క షెడ్లలో నల్లరాతి విగ్రహాలు వరసగా నిలబడి ఉంటాయి. మామ ఒక షెడ్డులోకి దూరి, ఏఐ వచ్చి అందరి పనులూ లాక్కుంటుందని హెచ్చరించాడు. ఉలి ఆపకుండా ఆ శిల్పి "అది రాయి మోస్తాదా మామా?" అన్నాడు. తర్వాత ఫోను తీసి బెంగళూరు గిరాకీ పంపిన బొమ్మ చూపించాడు. ఏఐ గీసిన నరసింహస్వామి, పక్కనే తొమ్మిది నరసింహులున్న అహోబిలం పెట్టుకుని బెంగళూరు నుంచి వచ్చిన బొమ్మ. చక్రం పట్టిన చేతికి ఆరు వేళ్లు. "ఆరో ఏలికి కూలి ఎక్కువైతాదని చెప్పినా, అయిదే చాలన్న్యాడు." మామ వదల్లేదు. మీ తాతలు చెక్కిన విగ్రహాల ఫోటోలు అడగకుండా మింగే కదా ఆ యంత్రం బొమ్మలు గీస్తున్నది, దానికి లెక్క అడగొద్దా అన్నాడు. "మా తాత శ్రీశైలం గోడలు చూసి నేర్చుకున్యాడు, ఆయప్ప ఎవరినడిగినాడు?" అన్నాడు శిల్పి. సిరివెళ్ల దాటేదాకా మామ మాట్లాడలేదు. దాటాక, "నేర్చుకున్యోడు కూలికి చెక్కినాడు, కంపెనీ పెట్టి అమెరికాలో షేర్లు అమ్మలేదు గదా" అన్నాడు. జవాబు మంచిదే, వినాల్సినవాడు అప్పటికి ఇరవై కిలోమీటర్ల వెనక ఉన్నాడు.

2025 అక్టోబరులో విశాఖలో గూగుల్ డేటా కేంద్రం ప్రకటించినప్పుడు మామలోని సీమ మనిషి నిద్ర లేచాడు. ఐదేళ్లలో 1500 కోట్ల డాలర్లు, ఒక గిగావాటు సామర్థ్యం. మామ పేపరు మూలన లెక్క వేశాడు. మన గని సోలారు పార్కు మొత్తం 1000 మెగావాట్లు, అంటే అది కూడా ఒక గిగావాటే. "ఎండ మనకా, ఏసీ వాళ్లకా?" అన్నాడు. రాత్రిపూట ఆ కరెంటు ఎలా వస్తుందని ఒక పిల్లవాడు అడిగితే, అడ్డు ప్రశ్నలేసేవాళ్ల వల్లే సీమ ఇలా అయిందన్నాడు.

ఈ హక్కుల యోధుడి పాత చరిత్ర మాత్రం వీధిలో పెద్దవాళ్లందరికీ తెలుసు. తొంభైలలో బస్టాండు దగ్గర ఆయనకు ఎస్టీడీ బూతు ఉండేది. పావు ఛార్జీ కోసం రాత్రి పొద్దుపోయాక జనం వరస కట్టేవాళ్లు. గాజు తలుపు ఎప్పుడూ సగమే మూసుకునేది. ఎవరు కువైట్ నుంచి డబ్బు పంపలేదు, ఎవరి సంబంధం తప్పిపోయింది, ఎవరు ఎవరికి వడ్డీ కట్టాలి, అన్నీ ఆ సగం తలుపులోంచి మామ చెవిన పడేవి. మొన్న టీ అంగట్లో ఒక పెద్దాయన అదే ఎత్తాడు. "ఊరి గుట్టంతా ఇన్న్యోడివి, నువ్వు ప్రైవసీ అంటావేందప్పా?"

మామ కోప్పడతాడనుకున్నాం. గ్లాసు పక్కన పెట్టాడు.

"ఇన్న్యా. లేదన్ల్యా. నాకు వాళ్ల గుట్టు తెలుసు, వాళ్లకు నా అంగడి తెలుసు. ఒక్కమాట బయటపెట్టింటే తెల్లారేసరికి నా బూతు అద్దం మిగిలేదా? ఆ భయం నా నోరు కుట్టింది. ఈ కంపెనీవాని అద్దం యాడుండాదో చెప్పు, ఒక రాయేసొస్తా."

ప్రైవసీ మీద వచ్చిన పుస్తకాలన్నిటికంటే ఈ మాట నాకు నచ్చింది. రాయేసే సంగతి నేను సమర్థించను, అద్దం అడ్రసు అడగడం మాత్రం న్యాయం. డేటా రక్షణ చట్టం 2023 ఆగస్టులో వచ్చింది. దాని నియమాలు రావడానికి 2025 నవంబరు దాకా పట్టింది. కంపెనీలను అసలు కట్టడి చేసే భాగాలకు మరో 18 నెలల గడువు ఇచ్చారు, అంటే 2027 మే. ఈలోపు మీరు నంద్యాల వైపు వచ్చి ఆధార్ కాపీ తీయించుకుంటుంటే, జిరాక్స్ అంగట్లో ఎవరో పెద్దాయన పెన్ను చేతికిచ్చి అడ్డగీత గీయమంటే, విసుక్కోకుండా గీయండి. తేదీ కూడా వేయండి. పెన్ను తిరిగి ఇచ్చేయండి, ఆయనకు అది ఒక్కటే ఉంది.