తోడల్లుడి తక్కెడ

మా తోడల్లుడు ఇల్లు మారాడు. చిక్కడపల్లిలో ఈ వీధి నుంచి ఆ వీధికి కాదు, ఏకంగా కోకాపేటలో ఇరవై ఏడో అంతస్తుకి. ఊరికే మారలేదు, లాభనష్టాలు తూకం వేసుకునే మారానంటాడు. ఆ తూకం నాకూ చూపించాడు. ఎక్సెల్ షీటు. ఎడమవైపు ‘కష్టాలు’, కుడివైపు ‘సుఖాలు’, ఒక్కోదానికి అయిదుకి ఇన్ని అని మార్కులు, మార్కుల పక్కన ‘వెయిటేజి’.

‘‘ఎమోషనల్‌గా నిర్ణయాలు తీసుకోకూడదు అన్నయ్యా. డేటా మాట్లాడాలి’’ అన్నాడు.

డేటా మాట్లాడింది. మొదటిసారి నోరు విప్పినప్పుడు చిక్కడపల్లే నయమంది. వెయిటేజీలు మార్చి మళ్లీ మాట్లాడించాడు. రెండూ సమానమేనంది. మూడోసారికి దానికి బుద్ధొచ్చింది.

నా కళ్లు మంచివి కావు. షీటు మొదలుపెట్టిన తేదీ మీద పడ్డాయి. బిల్డరుకి అడ్వాన్సు కట్టిన తేదీ దానికి సరిగ్గా పదకొండు రోజులు ముందుది. తాళి కట్టేసి, అప్పగింతలు కూడా అయ్యాక, జాతకాలు పట్టుకుని సిద్ధాంతిగారింటికి వెళ్లినట్టన్నమాట. పాపం ఆయన మాత్రం ఏమంటాడు? దివ్యంగా కుదిరాయంటాడు.

ఇప్పుడు హైదరాబాద్ నగరంలో ప్రతి ఇంట్లోనూ ఈ తక్కెడ వేలాడుతోంది. నల్లగండ్లా, తెల్లాపూరా, నార్సింగా, కోకాపేటా, ఏదైతేనేం, పడమటి దిక్కుకి పోవడం లాభమా నష్టమా అని చర్చ. ఇంత చర్చా చేసి ‘నష్టం, కాబట్టి మారం’ అని లేచినవాడు నాకింతవరకు తగల్లేదు. కొనగలిగినవాడు షీటు తెరుస్తాడు. కొనలేనివాడు పాస్‌బుక్కు తెరిచి మూస్తాడు, ఆ తర్వాత ఇలాంటి వ్యాసాలు రాస్తాడు. నా అసూయ సంగతి ముందే చెప్పేస్తే మీకూ నాకూ ఇబ్బంది ఉండదు.

పూర్వం కోకను గజాల్లో కొలిచేవారు. ఇప్పుడు కోకాపేటను కొలుస్తున్నారు. 2021 జులైలో హెచ్‌ఎండీఏ అక్కడి నియోపోలిస్ లేఅవుట్‌లో ప్లాట్లు వేలం వేస్తే అన్నిటికంటే ఎక్కువ పలికిన ధర ఎకరం 60 కోట్ల 20 లక్షలు. 2023 ఆగస్టు వేలంలో అది 100 కోట్ల 75 లక్షలు. ఎకరానికి 4,840 గజాలు, భాగించి చూసుకోండి. గజం రెండు లక్షల ఎనిమిది వేల పైచిలుకు. మా తోడల్లుడు ఈ రెండంకెలనూ ‘సుఖాలు’ వైపు ఎక్కించాడు. పాట పాడింది ఈయన కాదు, ఆ స్థలం ఈయనది కాదు. ఈయనకి రాసిచ్చింది కొన్ని వందల కుటుంబాలతో కలిసి పంచుకునే అవిభక్త వాటా, ఇరవై ఎనిమిది గజాలు. అది ఎక్కడుందో చూపించమంటే దేవుడు కూడా చూపించలేడు. అయినా పక్కింటి గేదె ఈనిందని మనింట్లో జున్నుకి బెల్లం తరుక్కున్నంత సంబరం.

బ్రోచరు దగ్గరికొద్దాం. మన పెద్దవాళ్లకి కోసు, ఆమడ ఉండేవి. తర్వాత మైలు వచ్చింది, కిలోమీటరు వచ్చింది. స్థలాలమ్మేవాళ్లు కనిపెట్టిన కొలత నిమిషం. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ 5 నిమిషాలు, ఇంటర్నేషనల్ స్కూలు 3 నిమిషాలు, ఎయిర్‌పోర్టు 25 నిమిషాలు. అబద్ధాలని నేననను. 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు మీద తెల్లవారుజాము మూడున్నరకి అవన్నీ సత్యాలే. సోమవారం పొద్దున తొమ్మిదింటికి నార్సింగి దగ్గర సర్వీసు రోడ్డెక్కి చూడండి, ఒక్కో బ్రోచరు నిమిషంలో ఎన్ని సెకన్లు పడతాయో తెలుస్తుంది.

మా తోడల్లుడి ఆఫీసు ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లోనే. అది నిజమైన సుఖమే, ఒప్పుకుంటాను. కాకపోతే వారానికి మూడు రోజులు అతను ఇంట్లోంచే పనిచేస్తాడు. ఆ మూడు రోజులూ ఆఫీసు అయిదు నిమిషాల దూరంలో ఉంటే ఎంత, ఆమదాలవలసలో ఉంటే ఎంత?

ఇల్లు 2,400 చదరపు అడుగులు. గృహప్రవేశానికి వెళ్లినప్పుడు నేను పల్లెటూరి అలవాటు కొద్దీ గదులు అడుగులతో కొలుచుకుంటూ తిరిగాను. ఎటు కూడినా పదిహేడు వందలు దాటలేదు. మిగతా ఏడొందలు ఎక్కడున్నాయని అడిగితే అతను చిరునవ్వు నవ్వాడు, చదువు రానివాణ్ణి చూసినట్టు. ‘‘అది కార్పెట్ ఏరియా అన్నయ్యా. మిగతాది సూపర్ బిల్టప్. లిఫ్టులో కొంత, కారిడార్‌లో కొంత, క్లబ్‌హౌస్‌లో కొంత.’’ అంటే లిఫ్టు ఎక్కినప్పుడల్లా నా తోడల్లుడు సొంతింట్లోనే పైకీ కిందకీ తిరుగుతున్నాడన్నమాట. ఆ లెక్కన ఇంట్లో గడిపే సమయం బాగానే ఉంది.

తూర్పు ముఖం కావడంతో అడుగుకి రెండొందలు అదనంగా తీసుకున్నారు. సూర్యుడు తూర్పున ఉదయించినందుకు డబ్బు వసూలు చేసిన మొదటి సంస్థానం ఇదే అయుండాలి. ఏడాది తిరక్కుండా తూర్పున ఇంకో టవరు లేచింది. స్థలాన్ని బట్టి ఇంతకు మించి కట్టకూడదనే ఎఫ్‌ఎస్‌ఐ పరిమితిని హైదరాబాద్‌లో 2006లోనే ఎత్తేశారు కాబట్టి అది ఎక్కడ ఆగుతుందో ఎవరికీ తెలీదు. సూర్యుడు ఇప్పుడు పదిన్నరకి ఉదయిస్తున్నాడు. రెండొందలు మాత్రం వెనక్కి ఇవ్వలేదు.

అప్పు కోటిన్నర. ఎనిమిదిన్నర శాతం వడ్డీ, ఇరవై ఏళ్లు. నెలకి లక్షా ముప్ఫై వేలు, చివరికి కట్టేది మూడు కోట్ల పన్నెండు లక్షలు. ఇది ఏ కాలమ్‌లో ఉంటుందనుకున్నారు? సుఖాల్లో. శీర్షిక ‘నిర్బంధ పొదుపు’. మెయింటెనెన్సు అడుగుకి నాలుగున్నర చొప్పున 10,800, నెలకి ఏడున్నర వేలు దాటింది కాబట్టి 18 శాతం జీఎస్టీ, వెరసి 12,744. ఇదీ సుఖాల్లోనే, ‘లైఫ్‌స్టైల్’ కింద. ఎడమవైపు కాలమ్‌లో ఏముందా అని వెతికితే చివరికి ఒకటి దొరికింది. ‘మంచి ఇడ్లీ దొరకదు. మైనస్ 1.’

ఇక గేటు. మొదటిసారి వెళ్లినప్పుడు ఒడిశా కుర్రాడొకడు మర్యాదగా ఆపి, ఏ టవరు, ఏ ఫ్లాటు అని అడిగి, ఓటీపీ చెప్పమన్నాడు. ఓటీపీ మా తోడల్లుడికి వెళ్లింది. ఆయనగారు షటిల్ ఆడుతున్నాడు. బొబ్బట్ల డబ్బా పట్టుకుని పావుగంట నిలబడ్డాను. ‘‘గడ్డం కొంచెం పైకి సార్’’ అని ఫోటో తీశాడు. పెళ్లిచూపులప్పుడు మా మామగారు కూడా నన్నింత పరీక్షగా చూడలేదు.

నాదేముంది, ఏడాదికి రెండుసార్లు వెళ్లేవాణ్ణి. వాళ్లింట్లో పనిచేసే ఆమె రోజూ వెళ్లాలి. ఆమెకి వేరే లిఫ్టు. ఆమె గేటు దాటగానే ‘మీ సహాయకురాలు ప్రవేశించారు’ అని ఫోన్లో గంట మోగుతుంది, శ్రీహరికోట నుంచి పంపిన ఉపగ్రహం కక్ష్యలోకి ప్రవేశించినట్టు. దసరాకి మా మరదలు ఆమెకి చీర పెట్టింది. వంకాయ రంగు నేతచీర, జాకెట్టు ముక్కతో సహా. పండగ ముందురోజు పని ముగించుకుని పోతుంటే గేటు దగ్గర సంచి తెరిపించారు. యాప్‌లో ‘వస్తువు బయటికి’ అనుమతి లేదు. మరదలికి ఫోన్ చేశారు. ఆమె బ్యాంకులో కౌంటరు మీదుంది, ఫోన్ సొరుగులో ఉంది. మా తోడల్లుడికి చేశారు. అమెరికా వాళ్లతో మీటింగు. పనిచేసే ఆమె ఆ చీర ఒళ్లో పెట్టుకుని బెంచీ మీద గంటన్నర కూచుంది. కోకాపేటలో కోక గేటు దాటలేదు. చివరికి దాన్ని సెక్యూరిటీ గదిలో బీరువాలో పెట్టి, మీద కాగితం అంటించి, ఆమెను పంపించేశారు. అప్పటికి బస్సు పోయింది. ఆ పక్కనే ఔటర్ వెంబడి 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ ఉంది, దానికి సోలార్ పలకల పైకప్పు, సైకిల్ తొక్కేవాళ్లకి ఎండ తగలకుండా. ఆమె బస్సు కోసం నిలబడేచోట కప్పులేదు.

మర్నాడు వచ్చి మా మరదలితో అందట: ‘‘చీర వద్దులే అమ్మా, పైసలియ్యి. పైసలకైతే గేటు పాసు అడగరు.’’

షీటులో ఈ వరుస పేరు ‘సెక్యూరిటీ’. అయిదుకి అయిదు.

అసలు సరుకు ఇదే. ఈతకొలను, జిమ్ము, యోగా డెక్కు, అన్నీ పెళ్లిలో కొబ్బరిబొండాల్లాంటివి, అలంకారానికి. ఈతకొలనులో నేను చూసినన్నిసార్లూ ఆకులే ఈదుతున్నాయి. కోట్లు పోసేది గేటుకి. లోపల ఏముంది అన్నదానికంటే, లోపలికి ఎవరు రాలేరు అన్నదానికే రేటు. అది ఏ షీటులోనూ ఉండదు, ఎందుకంటే దానికి మార్కులు వేయాలంటే ముందు దాని పేరు రాయాలి.

సంక్రాంతికి మాత్రం ఊరంతా కావలసివస్తుంది. క్లబ్‌హౌస్ ముందు తాటాకు గుడిసె వేసి, ఎడ్లబండి తెప్పించి, ‘విలేజ్ థీమ్’ అన్నారు. హరిదాసుకి విజిటర్ పాసు. గంగిరెద్దుకి వాహనాల కింద రాశారో, అతిథుల కింద రాశారో నాకు అర్థం కాలేదు గాని, దాని మెడలోనూ ఒక బిళ్ల ఉంది. మా చిక్కడపల్లిలో ఆ గంగిరెద్దాయనే సందులోకి వచ్చి సన్నాయి ఊదితే, నేను మేడమీంచి ‘మళ్లీ రావయ్యా’ అనేవాణ్ణి. అక్కడ ఆయన పక్కన నిలబడి సెల్ఫీ తీసుకున్నాను. నా బతుకూ అంతే.

నీళ్ల గురించి రెండు మాటలు. వాళ్ల బాల్కనీ చివరికంటా వంగి చూస్తే గండిపేట చెరువు కనిపిస్తుంది. ‘లేక్ వ్యూ’, దానికీ అదనం. 1908 మూసీ వరదలో నగరం కొట్టుకుపోయాక, మళ్లీ ఆ గతి పట్టకుండా కట్టించి 1920లో పూర్తిచేసిన చెరువది. దాన్ని కాపాడటానికి 1996లో 111 జీవో తెచ్చి 84 గ్రామాల్లో కట్టడాల మీద ఆంక్షలు పెట్టారు. ఆ గ్రామాల అంచునుంచే ఇప్పుడు టవర్లు చెరువులోకి తొంగిచూస్తున్నాయి. ఆ నీళ్లు ఆసిఫ్‌నగర్ ఫిల్టర్ బెడ్లకు పోతాయి. మా తోడల్లుడి టవరుకి వేసవిలో తెల్లవారుజామున అయిదింటికి ట్యాంకర్లు వస్తాయి. కాంప్లెక్సు పేరు ఇటలీది, నీళ్లు ట్యాంకరువి, మధ్యలో చెరువు చూడటానికి.

మా వీధి కైలాసమని నేననడం లేదు. పార్కింగు కోసం రోజూ కురుక్షేత్రం. లిఫ్టు ఉగాదికి చెడితే దీపావళికి బాగవుతుంది. 2020 అక్టోబరు వానలకి అశోక్‌నగర్ వైపు నాలా పొంగి వచ్చిన కంపు ఇప్పటికీ ముక్కులో ఉంది. కానీ మా వీధిని ఎవరూ బ్రోచరు వేసి అమ్మరు. అందుకని మా మురుగుకి ‘వాటర్ ఫ్రంట్’ అని పేరు పెట్టే అవసరం రాలేదు.

షీటులో ‘ప్రయాణం’ అని ఒక వరుస ఉంది. అయిదుకి అయిదు, వెయిటేజి ఎక్కువ. నిజానికి కోకాపేటను గెలిపించింది అదే. అది ఎవరి ప్రయాణమని అడిగాను. ‘‘నాదే’’ అన్నాడు. మా మరదలి బ్రాంచి కోఠీలో. చిక్కడపల్లిలో ఉన్నప్పుడు ఇంటి దగ్గర మెట్రో ఎక్కితే మధ్యలో నారాయణగూడ ఒక్కటే, తర్వాత సుల్తాన్ బజార్. కూచోడానికి సీటు వెతుక్కునేలోగా దిగిపోయేది. ఇప్పుడు మెట్రో ఆగిపోయే రాయదుర్గం దాకా క్యాబు, అక్కణ్ణుంచి అమీర్‌పేట, అక్కడ రైలు మారి ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషను, దిగి నడక. మళ్లీ సాయంత్రం అదే తిరగేసి. ఆమె పేరున షీటులో వరుస లేదేమయ్యా అంటే, ‘‘తను ట్రాన్స్‌ఫర్ పెట్టుకుంటుంది అన్నయ్యా’’ అన్నాడు. రెండేళ్లయింది. ఆ అర్జీకి ఇంకా ఎవరూ వెయిటేజి ఇవ్వలేదు.

పోయిన ఏడాది వానాకాలంలో ఒకరోజు మరదలు తడిసి మా ఇంటికి వచ్చింది. ‘‘ఈ రాత్రికి ఇక్కడే ఉండిపోతాను బావగారూ, క్యాబు దొరకడం లేదు’’ అంది. ఇంకోసారి ఆడిట్ అంది. తర్వాత నెలాఖరంది. ఇప్పుడు కారణాలు చెప్పడం మానేసింది. సోమవారం నుంచి గురువారం దాకా మా చిన్న గది ఆమెదే. బీరువాలో ఒక అర, బాత్‌రూములో ఒక బ్రష్షు, పొద్దున్నే అక్కాచెల్లెళ్లిద్దరూ వంటింట్లో గుసగుసలు. తొమ్మిదింటికి మా తోడల్లుడు వీడియో కాల్ చేసి టిఫినేమిటని అడుగుతాడు. ఇడ్లీ అని మా ఆవిడ ఫోన్‌కి చూపిస్తుంది. అతను కాసేపు మాట్లాడడు.

మొన్న షీటు మళ్లీ పంపించాడు. రెండేళ్ల సమీక్షట. తెరిచాను. ‘కుటుంబ ప్రయాణ ఖర్చు: సగానికి తగ్గింది.’ అయిదుకి అయిదు. దాని కింద కొత్తగా చేర్చిన వరుస ఒకటి, పచ్చరంగు వేసి ఉంది. ‘సిటీ నడిబొడ్డున రెండో ఇల్లు: ఉంది. ఈఎంఐ లేదు.’