గుగ్గిళ్ల పద్యం: టీక, తాత్పర్యం

ఆ.వె.
కొన్న గుఱ్ఱ మొకటి, గుగ్గిళ్లు ప్రతిపూట;
జీత మడుగు బంటు చేతు లూపి;
చేర్చు నాడు కాదు చిక్కు, పోషించెడి
నాడు తెలియు రాచ నడుము బిగువు.

అవతారిక: నోయిడాలో ఒకానొక అద్దెగదిలో నలుగురు తెలుగు బ్రహ్మచారులు శనివారం రాత్రి 'మెడీవల్ 2: టోటల్ వార్' అనే కంప్యూటర్ యుద్ధక్రీడ ఆడుచుండగా, ఒకని ఖజానా అప్పులో పడిన సందర్భమున పుట్టిన పద్యమిది.

టీక: కొన్న గుఱ్ఱము = మీట నొక్కి తెచ్చుకొన్న ఆశ్వికుడు; ఒకటి = ఒక్కసారి ఖర్చు; గుగ్గిళ్లు = దాణా, లక్షణచేత పోషణవ్యయమంతయు; ప్రతిపూట = 'ఎండ్ టర్న్' నొక్కిన ప్రతిసారి; బంటు = ఇంతవరకు యుద్ధము చూడనివాడు కూడ; రాచ నడుము = రాజుగారి మొలనున్న డబ్బుసంచి. నడుమంటే నడుమేనని కొందరు. జీతాలిచ్చాక ఆ అర్థమూ పొసగుతుంది.

తాత్పర్యం: సేనను కూర్చడం సులువు, కూర్చోబెట్టి మేపడమే కష్టం. 'ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2' ఆట మరిగినవారికి ఇది బోధపడదు. అక్కడ నైటు అనే ఆశ్వికుడికి 60 ఆహారం, 75 బంగారం ఒక్కసారి పోస్తే, ఆపైన వాడు కల్పాంతం దాకా పస్తుండి పోరాడతాడు. టోటల్ వార్‌లో నిద్రపోయే పటాలానికీ జీతమే. నగరంలో కాపలా కాసే కొన్ని పౌరదళాలకు మాత్రం మినహాయింపు.

విశేషాలు: పద్యం నోయిడాదైనా కథ యమున అవతలి ఒడ్డున ఢిల్లీలోని సిరి కోటది. 1303లో తర్గీ నాయకత్వాన మంగోలులు ఢిల్లీని ముట్టడించి పోయాక అక్కడి సుల్తాను అల్లావుద్దీన్ ఖిల్జీకి పెద్ద సైన్యం కావలసి వచ్చింది. ఎక్కువ జీతాలిస్తే ఖజానా ఐదారేళ్లలో ఖాళీ అని సుల్తాను లెక్క వేశాడట. ఈ మాట చరిత్రకారుడు బరనీది. మన బ్రహ్మచారి అయితే ఇక్కడ సగం దళాల్ని రద్దు చేసేవాడు. సుల్తాను పంటలో సగం పన్నుగా లాగాడు సరే, అసలు ఎత్తు వేరు. రౌతు జీతం ఏడాదికి 234 టంకా నాణేలకు బిగించి, రెండో గుర్రముంటే మరో 78 కలిపి, ఆ డబ్బుతో వాడు బతికేలా బజారు ధరల్నే కిందికి దించాడు. మణుగు గోధుమలు ఏడున్నర జీతళ్లు (చిల్లర నాణేలు). తూకంలో తగ్గించిన వర్తకుడి ఒంటి నుంచి ఆ మేరకు మాంసం కోసేవారట. ఒకే గుర్రాన్ని రెండుసార్లు చూపకుండా గుర్రాలకు వాతలు. పై రెండు ఆటల్లోనూ ధరలు దించే ఈ మీట లేదు. నా దృష్టిలో అది పెద్ద లోపం.

పూర్వపక్షం: కొల్లసొమ్ముతో మేపరాదా? సమాధానం: 1310లో ఓరుగల్లు ప్రతాపరుద్రుడి దగ్గర అల్లావుద్దీన్ సేనాని మాలిక్ కాఫుర్ పుచ్చుకొన్న ఏనుగులూ గుర్రాలూ కూడా దాణా తింటాయి. కనుక చెల్లదు.

ప్రత్యుదాహరణం: తరువాతి ఢిల్లీ సుల్తాను మహమ్మద్ బిన్ తుగ్లక్ ఖురాసాన్ మీదికని 3,70,000 మందిని చేర్చుకొని ఏడాది జీతమిచ్చాడని బరనీ లెక్క. రెండో ఏడు డబ్బు లేక, కత్తి దూయకుండానే అందరూ ఇళ్లకు.

శేషం: ఢిల్లీ సుల్తాను ఫిరోజ్ షా తుగ్లక్ కాలంలో, గుర్రం తనిఖీకి పెట్టలేకపోయానని ఒక రౌతు గోడు వెళ్లబోసుకుంటుంటే సుల్తాను విన్నాడు. గుమాస్తాకు లంచమివ్వమని తానే ఒక బంగారు టంకా ఇచ్చాడని చరిత్రకారుడు అఫీఫ్ రాశాడు. రౌతుకు తనిఖీ అయినట్లు పత్రం వచ్చింది.