డబ్బు కట్టింది మీరు, సముద్రం మీదే!

మెల్‌బోర్న్‌లో మీకు మేనత్త కొడుకో, ఇంజనీరింగ్ క్లాస్‌మేటో తప్పకుండా ఉంటాడు. టార్నీట్‌లోనో పాయింట్ కుక్‌లోనో ఇల్లు కొనుక్కుని ఉంటాడు. ‘‘టూర్లెందుకురా, నా కారులో నేనే తిప్పుతా’’ అంటాడు. పొరపాటున కూడా ఒప్పుకోకండి. వాడి కారులో వెళితే మీ వల్ల అవస్థ పడేది వాడొక్కడే. చిన్న బస్సులో గ్రూప్ టూరుకి వెళితే దేశదేశాల నుంచి వచ్చిన ఇరవై మంది దొరుకుతారు. కొత్తగా పెళ్ళయిన జంట, చెరో బ్యాక్‌ప్యాకు, గ్రేట్ ఓషన్ రోడ్ మీద రెండు రోజులు. ఇంత మంచి అవకాశాన్ని పూర్తిగా ఎలా వాడుకోవాలో తెలియక చాలామంది మర్యాదగా వెళ్ళి మర్యాదగా తిరిగొస్తున్నారు. వాళ్ళ కోసమే ఈ నాలుగు ముక్కలు.

ముందు సామాను సంగతి. ఎంత తక్కువ మోస్తే అంత సుఖం అని బ్యాక్‌ప్యాకర్లు చెబుతారు. వాళ్ళకి అత్తగారిల్లు లేదు కాబట్టి అలాగే అంటారు. మీరు రైస్ కుక్కర్, చిన్న మూకుడు, పోపుల డబ్బా, ఫోటోలకి నాలుగు జతల బట్టలు, ఇస్త్రీ పెట్టె పెట్టుకోండి. మొత్తం ఒకే సంచీలో కుక్కి భర్త వీపుకి తగిలించండి. రెండో సంచీలో సెల్ఫీ కర్ర, సన్‌గ్లాసెస్ చాలు. పగిలిపోతాయేమోనన్న భయం అక్కర్లేదు. 1878లో ఈ తీరంలోనే లాక్ ఆర్డ్ అనే ఓడ బద్దలైతే, అందులోని నిలువెత్తు పింగాణీ నెమలి పెట్టెతో సహా ఒడ్డుకి కొట్టుకొచ్చింది. ఆ నెమలిని ఇప్పటికీ వార్నంబూల్ మ్యూజియంలో చూడొచ్చు. మీ కుక్కర్‌కి ఏమవుతుంది?

స్వెటర్ మాత్రం వద్దు. డిసెంబరంటే అక్కడ ఎండాకాలం. పొద్దున ఉత్తరపు గాలికి నలభై డిగ్రీలు మండి, మధ్యాహ్నం గాలి దక్షిణానికి తిరగ్గానే గంటలో పదిహేను, ఇరవై డిగ్రీలు పడిపోవడం ఆ ఊళ్ళకి మామూలే. అయితే ఏం? పక్క సీట్లో జర్మన్ అమ్మాయి ఉంటుంది, ఆమె దగ్గర జాకెట్ ఉంటుంది. సన్‌స్క్రీన్ కూడా అంతే. మబ్బు పట్టినా అక్కడి ఎండ చర్మాన్ని కాల్చేస్తుందని అందరూ హడలగొడతారు. మనం గోదావరి జిల్లాల మే నెల చూసినవాళ్ళం. సాయంత్రానికి ముక్కు తోలు ఊడుతుంటే అదీ ఒక జ్ఞాపకమే.

సీట్ల విషయంలో మాత్రం తెలివిగా ఉండాలి. అక్కడా బళ్ళు మనలాగే ఎడమ పక్కన నడుస్తాయి. టోర్కీ దగ్గర మొదలై పడమటికి పోయే ఈ 243 కిలోమీటర్ల రోడ్డులో, సముద్రం పక్కన సాగే భాగమంతా నీళ్ళు ఎడమచేతి వైపే. కాబట్టి ఒకరు అందరికన్నా ముందు బస్సెక్కి, మన ఆర్టీసీ బస్సులో కిటికీలోంచి జేబురుమాలు వేసినట్టు, ఎడమవైపు రెండు వరసల కిటికీలు పట్టెయ్యాలి. ఒకటి ఆవిడకి, ఒకటి ఆయనకి, పక్క సీట్లు సంచీలకి. రెండోవారు సరిగ్గా బస్సు బయలుదేరే వేళకి కాఫీకి వెళ్ళాలి. రెండో రోజు ‘‘అటువైపు వాళ్ళకీ కాస్త సముద్రం చూపిద్దాం, సీట్లు మారదామా?’’ అని డ్రైవరు నవ్వుతూ అడుగుతాడు. అప్పుడు మీకు ఇంగ్లీషు రాదు.

యాంగిల్‌సీ గోల్ఫ్ కోర్సులో కంగారూలు మందలు మందలుగా పచ్చిక మేస్తుంటాయి. కంచె ఇవతల నుంచి చూడమంటారు. ఇవతల నుంచి చూడడానికి ఇంత దూరం వచ్చామా? దగ్గరికెళ్ళండి. ఆరడుగుల మగ కంగారూ తోక మీద ఆని రెండు కాళ్ళూ ఎత్తి తంతుందని చెబుతారు గానీ, మీ ఆయన కూడా ఆరడుగులే. పిల్ల సంచీలో ఉన్న తల్లి కనిపిస్తే వెంటపడండి. బాగా బెదిరితే పరుగులో పిల్లని జారవిడిచేస్తుంది. అప్పుడు తల్లికీ పిల్లకీ విడివిడిగా ఫోటోలొస్తాయి.

ఈస్టర్న్ వ్యూ దగ్గర రోడ్డుకి అడ్డంగా కలపతో కట్టిన స్వాగత ద్వారం ఉంది. బస్సు అక్కడ ఆగగానే డ్రైవరు గొంతు సవరించుకుంటాడు. మొదటి ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన దాదాపు మూడు వేల మంది సైనికులు 1919లో మొదలుపెట్టి, గునపాలతో, పారలతో కొండ అంచులు తవ్వి, 1932 నాటికి ఈ దారి పూర్తి చేశారనీ, యుద్ధంలో పోయిన తోటివాళ్ళకి ఈ రోడ్డే స్మారకమనీ చెబుతాడు. బస్సులో అందరూ ఒక్క నిమిషం గమ్మునైపోతారు. అమ్మకి వీడియో కాల్ చెయ్యడానికి ఇంతకన్నా నిశ్శబ్దం దొరకదు. స్పీకర్ పెట్టండి. ‘‘ఆ... వినపడుతోందా అమ్మా? తిన్నాం! బ్రెడ్డే!’’ తరవాత దిగి రోడ్డు మధ్యలో నిలబడి, ఎదురొచ్చే లారీలని చెయ్యెత్తి ఆపుతూ, ద్వారం కింద మీ హనీమూన్ రీల్ తీసుకోండి. ఎగిరి దూకే షాట్ నాలుగుసార్లు తీస్తే గానీ కుదరదు.

భోజనం లార్న్‌లో. కడుపు నిండా చేపా, చిప్సూ, పైన ఐస్‌క్రీమ్ లాగించండి. ఎందుకంటే లార్న్ నుంచి అపోలో బే దాకా కొండ అంచున మెలికల మీద మెలికలు. అపోలో బే చేరేలోపు ఎవరో ఒకరు వాంతి చేసుకుంటారు. ఆ కవరు పట్టుకునేది ఎవరో తేలాలి, పెళ్ళయి రెండు నెలలే కాబట్టి ఇలాంటివి ఇప్పుడే తేలడం మంచిది. పోట్లాడుకోవాలనుకుంటే కూడా ఈ మెలికల దగ్గరే మొదలుపెట్టండి. ‘‘మీ అక్క పెళ్ళిలో ఏం జరిగిందో నాకు తెలీదనుకుంటున్నావా’’ దగ్గర్నుంచి తీసుకుంటే అపోలో బే దాకా వస్తుంది. తెలుగు ఎవరికీ అర్థం కాదులే అన్న ధీమాతో గొంతు పెంచండి. మీ వెనక సీట్లో హుడీ కప్పుకుని నిద్ర నటిస్తున్న కుర్రాడిది ఖమ్మం. వాడికి అక్క పెళ్ళి కథంతా నచ్చింది కూడా.

ఇక అసలు ఘట్టం, కెనెట్ రివర్. బస్సు ఆపి అందర్నీ మట్టిదారిలో నడిపిస్తారు. తలెత్తితే బూడిద రంగు బెరడు, బూడిద రంగు కొమ్మ, ఆ కొమ్మ పంగలో బూడిద రంగు బొడిపె. కాసేపు చూస్తే ఆ బొడిపెకి చెవులుంటాయి. ఇంకాసేపు చూస్తే అది నెమ్మదిగా ఒక చెయ్యి చాచి, గోళ్ళతో తొడ గోక్కుని, మళ్ళీ పడుకుంటుంది. అంతే. దీనికోసం మీరిద్దరూ తలా ఇంత కట్టారు! కోలా తినేది యూకలిప్టస్ ఆకులు. వాటిలో పోషకం తక్కువ, విషం ఎక్కువ, అరిగించుకోవడానికే దాని శక్తంతా చాలదు. అందుకే రోజుకి ఇరవై గంటల దాకా నిద్రపోతుంది, లేపితే ఉన్న కాస్త శక్తీ ఖర్చయిపోతుంది. ఇవన్నీ గైడ్ చెప్పే కబుర్లు. మీరు చప్పట్లు కొట్టండి. ఈల వెయ్యండి. చెట్టు సన్నగా ఉంటే ఊపి చూడండి. ‘‘ఎత్తుకుని ఫోటో తీసుకోవచ్చా?’’ అని అడగడం మరిచిపోవద్దు. విక్టోరియాలో కోలాని చేతుల్లోకి తీసుకోవడం నిషేధం, జూలో కూడా కుదరదు. ఆ మాట గైడ్ ఓపిగ్గా చెప్పాక, ‘‘క్వీన్స్‌లాండ్‌లో మా ఫ్రెండ్ ఎత్తుకున్నాడే’’ అని వాదన పెట్టుకోండి. మీ ఫ్రెండ్ చెప్పింది నిజమే, అక్కడి చట్టం వేరు. అందుకే ఈ వాదన ఎంతసేపైనా సాగుతుంది.

అక్కడే ఎర్రటి రొమ్ముల కింగ్ పారట్లు తిరుగుతుంటాయి. మేత పెట్టొద్దని బోర్డు ఉంటుంది. బోర్డుకి ఆనుకుని నిలబడి బ్రెడ్డు ముక్కలు పెట్టండి, భుజాల మీదే కాదు, నెత్తి మీద కూడా వాలతాయి. బ్రెడ్డు వాటి ఒంటికి పడకపోతే ఆ జబ్బేదో మీరు వెళ్ళిపోయాకే కదా వచ్చేది.

ఆట్వే అడవిలోకి నడిచే దారుల మొదట్లో కొన్నిచోట్ల బూట్లు రుద్దుకునే బ్రష్షులు, మందునీళ్ళు పెట్టి ఉంటాయి. చెట్ల వేర్లని కుళ్ళబెట్టే తెగులొకటి బూటుకి అంటిన మట్టితోనే ఒక అడవి నుంచి ఇంకో అడవికి పోతుందట. మనం గుడి బయట తప్ప ఎక్కడా చెప్పుల గురించి ఆలోచించని జాతి. దాటుకుని వెళ్ళిపోండి.

రాత్రి బస పోర్ట్ క్యాంప్‌బెల్ హాస్టల్లో, ఎనిమిది మంచాల గదిలో. ప్లాస్టిక్ కవర్లన్నీ రాత్రి పన్నెండుకి సర్దుకోండి. అలారం నాలుగున్నరకి పెట్టి అయిదున్నర దాకా ‘స్నూజ్’ నొక్కుతూ ఉండండి. వంటగది అందరిదీ కాబట్టి మీదే. కుక్కర్ ఎక్కించి, పొయ్యి మీద మూకుడు బాగా కాలాక నూనె, ఆవాలు, ఎండుమిర్చి, ఇంగువ వెయ్యండి. ఎగ్జాస్ట్ ఫ్యాన్ వెయ్యకండి, ఘాటు పోతుంది. మిర్చి నల్లబడే సరికి పైకప్పులోని స్మోక్ అలారం మొదలవుతుంది. హాస్టలంతా దుప్పట్లు కప్పుకుని వీధిలో నిలబడతారు. అనవసరంగా ఫైరింజను కదిలితే దాని ఖర్చు కట్టించుకునే ఆచారం ఆ దేశంలో ఉంది. కానీ ఆ చలిలో, ఆ చీకట్లో, చారు వాసన ఎంత దూరం పోతుందనీ!

మర్నాడు పొద్దున్నే ట్వెల్వ్ అపోసిల్స్. సముద్రంలో నిలబడ్డ సున్నపురాతి స్తంభాలు. దిగగానే లెక్కపెట్టండి, పన్నెండు ఉండవు. ఆ పేరు పెట్టిన రోజున కూడా లేవు. తొమ్మిదుండేవి, 2005 జూలై 3న ఒకటి క్షణాల్లో కూలిపోయి ఎనిమిది మిగిలాయి. పొద్దుటి వెలుగు రాయి మీద తేనెరంగులో పడుతుంటే మిగతావాళ్ళు నోరు తెరుచుకుని చూస్తుంటారు. మీరు మిగిలిన నాలుగింటికీ డ్రైవరుని నిలదీయండి. డబ్బు వాపసు అడగండి. డ్రోన్ తెచ్చుకుని ఉంటే అక్కడే ఎగరెయ్యండి, నేషనల్ పార్కులో నిషేధం కాబట్టి ఆకాశం ఖాళీగా ఉంటుంది.

కంచె దాటి కొండ అంచుకి వెళితే ఫోటో ఇంకా బాగా వస్తుంది. ఆ రాయి లోపల్నుంచి అలలు తొలుస్తుంటాయి, పైన నిలబడ్డవాడికి తెలీదు. దగ్గర్లోనే లండన్ బ్రిడ్జ్ అనే రెండు కమానుల రాతి వంతెన ఉండేది. నడుచుకుంటూ చివరిదాకా వెళ్ళేవారు. 1990 జనవరి 15న ఒడ్డు వైపు కమాను కూలింది. అవతలి కొసన ఇద్దరు మిగిలిపోతే హెలికాప్టర్ వచ్చి ఎక్కించుకుపోయింది. ఒక్క పైసా టిక్కెట్టు లేకుండా హెలికాప్టర్ ప్రయాణం! ఇలాంటివి టూరు ప్యాకేజీల్లో రాయరు. అక్కణ్ణుంచి సూటిగా దక్షిణానికి పోతే మళ్ళీ తగిలే నేల అంటార్కిటికాయే. ఆ నీళ్ళ చలి ఎంతో వేరే చెప్పక్కర్లేదు. ఈతకి దిగమని ఎర్ర, పసుపు జెండాల మధ్య చోటు చూపించే బీచిలు వేరే ఉన్నాయి. అవి ఎప్పుడూ రద్దీ, జెండాల్లేని చోటే ఏకాంతం.

జంటలు తప్పక చూడాల్సింది లాక్ ఆర్డ్ గార్జ్. నెమలిని మోసుకొచ్చిన ఓడ 1878 జూన్ 1న బద్దలయింది ఇక్కడే. అందులో ఉన్నవాళ్ళు 54 మంది, బతికినవాళ్ళు ఇద్దరు. టామ్ పియర్స్ ఓడలో పనిచేసే కుర్రాడు, ఈవా కార్మైఖేల్ ప్రయాణికురాలు, ఇద్దరూ ఇరవై నిండనివాళ్ళే. తాను ఒడ్డుకి చేరాక ఆమె కేక విని అతను మళ్ళీ సముద్రంలోకి ఈదివెళ్ళి లాక్కొచ్చాడు, గుహలో పడుకోబెట్టి, కొట్టుకొచ్చిన బ్రాందీ తాగించి, నిలువు కొండ ఎక్కి మనుషుల్ని పిలుచుకొచ్చాడు. ఆమె తల్లిదండ్రులూ, తోబుట్టువులూ ఆ ఓడలోనే పోయారు. వీళ్ళిద్దరూ పెళ్ళి చేసుకుంటే బాగుండునని పత్రికలన్నీ ముచ్చటపడ్డాయి. ఆ పిల్ల కొన్నాళ్ళు కోలుకుని, ఐర్లాండ్‌కి ఓడెక్కి వెళ్ళిపోయింది. మళ్ళీ ఓడే ఎక్కింది! ఇక్కడ నిలబడి ‘‘నేను మునిగిపోతుంటే నువ్వు వస్తావా?’’ అని అడగండి. ఆయన జవాబు చెప్పే ముందు ఎంతసేపు ఆలోచించాడో లెక్కపెట్టండి. తిరుగు ప్రయాణంలో పనికొస్తుంది.

వార్నంబూల్ దాకా తీసుకెళ్ళే టూరయితే తిమింగలాలు అడగండి. లోగన్స్ బీచికి అవి పిల్లల్ని కనడానికి జూన్ నుంచి సెప్టెంబరు దాకా వస్తాయి. మీరు వెళ్ళింది డిసెంబరు. ‘‘బ్రోచర్‌లో బొమ్మ ఉందే?’’ అని ఫోను చూపించండి.

రాత్రి మెల్‌బోర్న్‌లో దిగాక చెయ్యాల్సింది రెండు పనులు. రివ్యూలో ఒక్క నక్షత్రం ఇచ్చి, ‘స్తంభాలు నాలుగు తక్కువ, కోలా నిద్రలో ఉంది, తిమింగలం రాలేదు, తోటి ప్రయాణికులు కలుపుగోలు కాదు’ అని రాయండి. రెండోది డ్రైవరుకి టిప్పు. ఆస్ట్రేలియాలో టిప్పు ఇవ్వాలన్న నియమం ఏదీ లేదు. ఆ దేశపు పద్ధతుల్లో ఇదొక్కటి మాత్రం తు.చ. తప్పకుండా పాటించండి.