అంబాసిడర్ ముందు సీలు

క్రాంక్ షాఫ్టు ముందు సీలు అరచేతిలో ఇమిడే రబ్బరు రింగు. లోపలి అంచు పలచని పెదవిలా ఉంటుంది, దాని చుట్టూ సన్నటి స్ప్రింగు. నిమిషానికి వేలసార్లు తిరిగే పుల్లీ మెడను ఏళ్ల తరబడి ముద్దాడుతూ కూర్చోవడమే దీని ఉద్యోగం. వేడికి ఎండి గట్టిపడ్డాక ఆ ప్రేమ సడలుతుంది, టైమింగ్ కవర్‌లోని నూనె బయటపడుతుంది.

పాత అంబాసిడర్ 1489 సీసీ పెట్రోల్ ఇంజన్‌లో ఈ వ్యవహారం వంశపారంపర్యం. ఇది బ్రిటన్‌లోని బీఎంసీ వారి బీ-సిరీస్ ఇంజన్. 1955లో వచ్చిన ఎంజీఏ స్పోర్ట్స్ కారుదీ ఇదే రక్తం. యజమానులు ఈ బంధుత్వాన్ని గర్వంగా చెప్పుకుంటారు. నూనె కార్చే గుణమూ ఆ వైపు నుంచే వచ్చిందన్న సంగతి మాత్రం ఎత్తరు.

కారుతున్నది ముందు సీలేనా అన్నది ముందు తేల్చుకోవాలి. వాల్వ్ కవర్ ప్యాకింగ్ నుంచి జారిన నూనె కూడా కిందికే వచ్చి, నేరం సీలు మీదికి నెడుతుంది. ఇంజన్ ముందు భాగాన్ని శుభ్రంగా కడిగి, కాసేపు నడిపి, టార్చి వేసి చూస్తే అసలు దొంగ దొరుకుతాడు. బ్రీదర్ గొట్టం కూడా చూడాలి. అది పూడుకుపోతే ఇంజన్ లోపల గాలి ఒత్తిడి పెరిగి, కొత్త సీలునైనా తోసుకుని నూనె బయటికొస్తుంది. గొట్టం కడగడానికి పైసా ఖర్చు లేదు. బహుశా అందుకే దాని జోలికి ఎవరూ పోరు.

ఇక సీలు మార్చడానికి పట్టేది పది నిమిషాలు, దాని దగ్గరికి చేరుకోవడానికి పట్టేది పూట. నీళ్లు దించి, రేడియేటర్ విప్పి, డైనమో వదులు చేసి ఫ్యాన్ బెల్టు తీస్తే పుల్లీ ఎదురవుతుంది. దాని మధ్యలో ఉన్న పెద్ద బోల్టు ఒకప్పుడు హ్యాండిల్ కొట్టి బండి స్టార్ట్ చేయడానికి పనికొచ్చినదే. దాన్ని కదలనివ్వకుండా రేకు వాషరు చెవి మడిచి ఉంటుంది. ముందు ఆ చెవి నిటారు చేయాలి. ఈ మెట్టు మరిచిపోయి బోల్టు మీద ప్రతాపం చూపించేవారికి లోటు లేదు.

బోల్టు విప్పబోతే క్రాంకూ దానితోపాటే తిరుగుతుంది. అందుకని టాప్ గేరులో వేసి ఒకరు బ్రేకు తొక్కిపట్టాలి. ఈ బాధ్యత సాధారణంగా యజమానికి దక్కుతుంది. రోజంతా ఆయనకు నమ్మి అప్పగించే పని ఇదొక్కటే. పానాను ఛాసిస్‌కు ఆనించి సెల్ఫ్ కొడితే బోల్టు దానంతటదే ఊడుతుందని షెడ్లలో ఒక చిట్కా ఉంది. ఊడుతుంది కూడా. పానా ఎటు ఎగురుతుందో చిట్కాలో ఉండదు.

పుల్లీని పుల్లర్‌తోనే లాగాలి. షాఫ్టు గాడిలోని అర్ధచంద్రాకారపు కీని వెంటనే జేబులో వేసుకోవాలి, లేకపోతే సాయంత్రం అందరూ బండి కింద నేలను తడుముతారు. టైమింగ్ కవర్ బోల్టులు రెండు రకాలు: పావు అంగుళంవి, 5/16 అంగుళంవి. పెద్దవాటి తలకు అరంగుళం పానా పడుతుంది, అంటే 12.7 మిల్లీమీటర్లు. 13 పానా కూడా ఎక్కుతుంది. ఆ 0.3 తేడాయే తలలన్నింటినీ గుండ్రంగా అరగదీసేది.

కవర్ చేతికొచ్చాక పాత సీలు తట్టి తీయాలి. మరీ పాత బళ్లలో రబ్బరు బదులు ఫెల్టు రింగు కనిపిస్తుంది. కొత్తది దించేటప్పుడు స్ప్రింగు ఉన్న ముఖం ఇంజన్ వైపుకి, అంటే నూనె వైపుకి ఉండాలి. తిరగేసి పెట్టినా చక్కగా పడుతుంది, చక్కగా కారుతుంది. పెదవికి కాస్త నూనె రాయడం తప్పనిసరి; పొడిగా తిరిగితే మొదటి రోజే కాలిపోతుంది.

పుల్లీ మెడ మీద గోరు పెట్టి గీసి చూడాలి. గాడి తగిలిందంటే, పెదవి కింద చేరిన దుమ్ము ఇన్నాళ్లూ ఇనుమును కోసిందని. ఆ గాడి మీద కొత్త సీలు దండగ. పలచని స్టీలు స్లీవు తొడిగించాలి, లేదా వేరే పుల్లీ వెతకాలి. సీలును మిల్లీమీటరు జరిపి కొత్త చోట కూర్చోబెట్టే మేస్త్రీలూ ఉన్నారు. అది మోసం కాదు, తెలివి.

బిగింపులో ఒక రహస్యం ఉంది. కవర్ బోల్టులు వదులుగా ఉండగానే పుల్లీని సీలులోకి దూర్చాలి. కవర్ షాఫ్టుకు సరిగ్గా మధ్యకు సర్దుకుంటుంది. అప్పుడు బోల్టులు బిగించాలి. తొందరపడి ముందే బిగిస్తే సీలు ఒక పక్క నలిగి, రెండో పక్క వదులై, పనంతా మొదటికొస్తుంది.

ఇంత చేశాక కూడా క్లచ్ దగ్గర చుక్కలు కనిపిస్తే మేస్త్రీని తిట్టకండి. ఈ ఇంజన్ వెనక చివర రబ్బరు సీలు లేనే లేదు. క్రాంకు మీద కోసిన మరల్లాంటి గాడి, తిరిగినంతసేపూ నూనెను లోపలికి తోస్తుంది; ఇంజన్ ఆపితే అదీ ఆగిపోతుంది. అక్కడికి మందు ఒక్కటే: బండి కింద పాత పళ్లెం పెట్టండి.