మంచినీళ్ల బాకీ

ఉస్తాదు చిన్న సుత్తి పట్టుకుని నా చుట్టూ తిరిగాడు. సంతలో కుండ కొనేవాళ్లు వేలి కణుపుతో తట్టి చూస్తారే, అలా బానెట్ మీద తట్టాడు, మడ్‌గార్డు మీద తట్టాడు, తలుపు కింది అంచు మీద తట్టాడు. కొన్నిచోట్ల ఖంగుమన్నాను. కొన్నిచోట్ల దబ్బుమన్నాను. దబ్బుమన్న చోటల్లా సుద్దముక్కతో సున్నా చుట్టాడు. తలుపుల కింద, డ్రైవరు కాళ్లు పెట్టే చోట, వెనక చక్రాల పైన చుట్టీ చుట్టీ సుద్దముక్క అరిగిపోయింది.

పక్కన నిలబడ్డ నా కొత్త యజమాని ముఖం వాడిపోయింది. "అన్నా, ఊరికె రంగేస్తే సరిపోదా?" అన్నాడు.

"రంగు రేపే ఏస్త తమ్మీ. రెండు వానలు పడంగనె పొక్కులు లేస్తయ్. మీద మెరుస్తనే ఉంటది, కింద తుప్పు తింటనే ఉంటది. నీకు బండి కావాల్నా, బొమ్మ కావాల్నా?"

చెంగిచెర్ల రోడ్డు పక్కన, రేకుల షెడ్డులో, 2023 వేసవిలో ఆ మాట విన్నాను. అలాంటి మాట కోసం నేను ఇరవై ఆరేళ్లు కాచుకున్నాను.

నేను జీపును. మహీంద్రా ఎంఎం 540 అంటారు. 1988లో పుట్టాను. మా వంశానికి మూలపురుషుడు రెండో ప్రపంచ యుద్ధంలో బురదలో, ఇసుకలో సైనికులను మోసిన అమెరికా విల్లీస్ జీపు. యుద్ధం ముగిశాక 1940ల చివర్లో మహీంద్రావాళ్లు బొంబాయిలో ఆ జీపులను బిగించడం మొదలుపెట్టారు. నా కాలానికి వచ్చేసరికి బానెట్ కిందకు ఫ్రాన్సు దేశపు ప్యూజో డీజిల్ ఇంజను వచ్చింది, 2112 సీసీది. ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ కలిపి బలం అందించే గేరు ఉంది. పుట్టుక గురించి ఇంతకన్నా చెప్పుకోవలసింది లేదు. రేకు వంచారు, అతికారు, రంగు వేశారు, పంపారు.

నేను వెళ్లింది కాకినాడలో ఒక ప్రభుత్వ కార్యాలయానికి. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. ఊరూరా తిరగాల్సిన ఉద్యోగులకు అప్పట్లో జీపే దిక్కు. పంట నష్టం రాసుకోవడానికి, ఓట్ల పెట్టెలు మోయడానికి, మందుల డబ్బాలు చేర్చడానికి నేను వెళ్లని గట్టు లేదు. నన్ను నడిపిన డ్రైవరు పొద్దున్నే తడిగుడ్డతో అద్దం తుడిచి, బానెట్ మీద అరచేయి ఒకసారి ఆనించి, అప్పుడు తాళం తిప్పేవాడు. ఇంత బతుకులో నాకు దక్కిన మొదటి ఆప్యాయత అది.

1996 నవంబరు 6 రాత్రి కోనసీమ మీద తుపాను పడింది. వెయ్యి మందికి పైగా పోయారు. వేటకు వెళ్లిన పడవలు ఎన్నో తిరిగి రాలేదు. భైరవపాలెం, బలుసుతిప్ప లాంటి మత్స్యకారుల పల్లెలు చితికిపోయాయి. తరాలుగా ఇంటికి పెద్దకొడుకులా అన్నం పెట్టిన కొబ్బరి చెట్లు వరసలు వరసలుగా నేలకొరిగాయి.

అప్పటికి యానాం, ఎదుర్లంకల మధ్య గోదావరి మీద వంతెన లేదు. పంటు తిరగడం మొదలవగానే దాని మీద ఎక్కి అవతలి ఒడ్డుకు వెళ్లాను. వెనక బియ్యం బస్తాలు, క్లోరిన్ బిళ్లలు, ఒక డాక్టరు, ఇద్దరు కాంపౌండర్లు. మురమళ్ల దాటాక రోడ్డు ఎక్కడుందో, పొలం ఎక్కడుందో తెలియలేదు. అడ్డం పడ్డ కొబ్బరి మొద్దులను గొడ్డళ్లతో నరుకుతూ దారి చేసుకున్నాం. మోకాలి లోతు నీళ్లలోనూ నా ఇంజను ఆగలేదు. డీజిల్ ఇంజనుకు స్పార్క్ ప్లగ్గులు ఉండవు. గాలి పీల్చే గొట్టంలోకి నీరు చేరనంతవరకు అది నడుస్తూనే ఉంటుంది. మూడు వారాలు అలా తిరిగాను. నా వెనక సీటులో ఒక బాలింత పడుకుని ఆసుపత్రికి వచ్చింది. బిడ్డ ఏడుపు ఇంజను చప్పుడును మించి వినిపించింది. నేనెందుకు పుట్టానో ఆ రోజు నాకు తెలిసింది.

కాని నేను దాటిన ఆ నీళ్లు గోదారి నీళ్లు కావు, పొలాల మీదికి ఎగదన్నిన సముద్రం. అది నా ఛాసిస్ బోలులోకి, నేల రేకు కింద అడ్డంగా వేసిన పట్టీల్లోకి, రెండు రేకులు కలిసిన ప్రతి అతుకులోకి చేరింది.

కాకినాడ తిరిగొచ్చిన రోజు డ్రైవరు చేతులు కట్టుకుని అడిగాడు. "బాబుగారూ, ఒక్క పూట ఇప్పించండి. బండిని మంచినీళ్లతో కింద నుంచి కడిగేసి తెస్తానండి. ఉప్పునీళ్లు తాగిందండి." లెక్కలు పంపాలి, పెద్దలు వస్తున్నారు, తర్వాత చూద్దాం అన్నారు. ఆ తర్వాత అన్నది రాలేదు. పై నుంచి దుమ్ము తుడిచారు. కింద ఎవరూ వంగి చూడలేదు.

ఇనుముకు నీరు, గాలి రెండూ తగిలితే తుప్పు పడుతుంది. మామూలు వాన నీటికి ఆ పని నెమ్మదిగా సాగుతుంది. ఉప్పు కలిస్తే నీళ్లలో కరెంటు సులువుగా పారుతుంది, తినడం వేగం పుంజుకుంటుంది. అల్యూమినియానికి పట్టే పొర గట్టిగా అంటుకుని లోహాన్ని కాపాడుతుంది. నా తుప్పు అలా కాదు. పొరలు పొరలుగా రాలి, కింద ఉన్న కొత్త ఇనుమును మళ్లీ గాలికి అప్పగిస్తుంది. పైగా తుప్పు తాను తిన్న ఇనుముకన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అందుకే రెండు రేకుల మధ్య ఉబ్బి, అతుకులను లోపలి నుంచి విడదీస్తుంది. బయటి రంగు మీద ఒక చిన్న పొక్కు లేచేనాటికి లోపల అరచేయంత మేర పోయి ఉంటుంది. బయ్యారం గుట్టల్లో ఎర్రగా కనిపించే ఖనిజంలో ఉన్నదీ ఇనుము, ఆక్సిజనే. మనుషులు కొలిమిలో విడదీసిన ఆ జంట మళ్లీ కలుసుకోవాలని ఎప్పుడూ ఎదురుచూస్తూనే ఉంటుంది. వాటిని విడిగా ఉంచేది శ్రద్ధ ఒక్కటే.

కొన్నేళ్లకు నన్ను కండెమ్ చేశారు. ఆవరణలో గోడవారన నిలబెట్టి, వేలం పాడి, కాగితాల మీద సంతకాలు పెట్టి పంపేశారు. తుపానులో తిరిగిన సంగతి ఆ కాగితాల్లో ఎక్కడా లేదు.

భువనగిరి వైపు పొలాలున్న ఒకాయన కొన్నాడు. ఎరువుల బస్తాలు మోశాను. చిరిగిన బస్తాల నుంచి రాలిన పొటాష్ నేల రేకు మీద పేరుకునేది. పొటాష్ కూడా ఒక ఉప్పేనని ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఆయన మీద నాకు పెద్ద కోపం లేదు. నన్ను పనికి వాడుకున్నాడు, పనికి తగిన తిండి పెట్టాడు.

నా కోపమంతా ఆ తర్వాతి వాడి మీద. పెద్ద టైర్లు వేశాడు, ముందు వరసగా లైట్లు పెట్టించాడు, ఆదివారాలు నా పక్కన నిలబడి ఫొటోలు తీయించుకున్నాడు. తలుపు కింద చెయ్యి పట్టేంత చిల్లు పడితే, పాత న్యూస్‌పేపరు ఉండ చుట్టి అందులో కుక్కించాడు. దాని మీద లప్పం, లప్పం మీద నిగనిగలాడే ఆకుపచ్చ రంగు. లప్పం తేమను పీల్చి లోపలే పట్టి ఉంచుతుంది. అంతకన్నా ఘోరం ఇంకొకటి జరిగింది. నేల రేకు అడుగున, తలుపుల అడుగున నీళ్లు కారిపోవడానికి చిన్న చిల్లులు ఉంటాయి. వాటినీ లప్పంతో పూడ్చేశారు. లోపలికి వెళ్లిన ప్రతి వాన చుక్క అక్కడే నిలిచి కుళ్లింది. పై మెరుపు చూసి జనం చప్పట్లు కొట్టారు. నా ఒళ్లు లోపల పుండై ఉందని నేను ఎవరికి చెప్పను?

గేరు పెట్టె మొరాయించిన రోజు అతని సరదా తీరింది. చెంగిచెర్లలో ఒక ఖాళీ ప్లాటులో నన్ను వదిలేసి వెళ్లాడు. ఏడెనిమిదేళ్లు అక్కడే ఉన్నాను. టైర్లు నేలకు అతుక్కుపోయాయి. బ్యాటరీ ఎవరో పట్టుకుపోయారు. సీటు స్పాంజిలో ఎలుకలు కాపురం పెట్టాయి. సర్కారు తుమ్మ నేల రేకు చిల్లులోంచి పైకి వచ్చి స్టీరింగు పక్కన కొమ్మ చాచింది. చర్లపల్లి చమురు డిపోల వైపు వెళ్లే ట్యాంకర్లు రాత్రింబవళ్లు నా ముందు నుంచే పోయేవి. అవి వెళ్లాక దుమ్ము, వాన వస్తే బురద. దగ్గర్లోనే ఆర్టీసీ డిపో. రాత్రి బస్సులు లోపలికి చేరాక, వాటిని కడిగే నీళ్ల చప్పుడు గాలి ఇటు తిరిగినప్పుడు వినిపించేది. రోజంతా తిరిగి వచ్చిన బండికి రాత్రి నీళ్లు పోస్తారు, ఎంత మామూలు సంగతి! ఆ చప్పుడు వింటూ నేను కాకినాడ డ్రైవరును తలుచుకునేవాణ్ని.

"పాత ఇనుము కొంటాం" అని అరుస్తూ బండివాడు రెండుసార్లు వచ్చి నన్ను తూకం అంచనా వేసి పోయాడు. మూడోసారి వచ్చేలోగా ఈ కొత్త యజమాని వచ్చాడు.

ఉస్తాదు పని మొదలుపెట్టాడు. ముందు బోల్టులు. తుప్పుతో బిగుసుకుపోయిన బోల్టును బలవంతంగా తిప్పితే తల ఊడుతుంది. వాటి మీద కిరోసిన్ పోసి రాత్రంతా నాననిచ్చాడు. కదలని వాటిని గ్యాస్ మంటతో వేడి చేసి, చిన్నగా తట్టి, అటో పావు తిప్పు, ఇటో పావు తిప్పు తిప్పుతూ విడిపించాడు. తర్వాత గ్రైండరుకు తీగల గిన్నె బ్రష్షు బిగించాడు. తన కుర్రాడి కళ్లకు అద్దాలు పెట్టించి, ముక్కుకు గుడ్డ కట్టించాకే స్విచ్చు వేయనిచ్చాడు. ఆకుపచ్చ రంగు లేచింది, లప్పం దిబ్బలుగా రాలింది. తలుపులోంచి నల్లగా కుళ్లిన న్యూస్‌పేపరు ఉండ బయటపడింది. కుర్రాడు దాన్ని స్క్రూడ్రైవరుతో లాగి అరచేతిలో పెట్టి చూపించాడు. దాంట్లోంచి ఇంకా నీళ్లు కారుతున్నాయి.

సుద్దతో చుట్టిన చోట్ల రేకును కోసి అవతల పారేశారు. గట్టి ఇనుము కనిపించేదాకా కోశారు. తుప్పు అంచుకు వెల్డింగు పట్టదు, కాలి చిల్లు పడుతుంది. కొత్త రేకు పెట్టి, ఇక్కడొక చుక్క, అక్కడొక చుక్క, మధ్యలో చల్లారనిచ్చి అతికారు. ఏకబిగిన అతికితే వేడికి రేకు వంకర తిరుగుతుంది. చిన్న సామాన్లను ప్లాస్టిక్ డ్రమ్ములో వాషింగ్ సోడా నీళ్లలో ముంచి, బ్యాటరీ చార్జరు మైనస్ తీగ వాటికి, ప్లస్ తీగ ఒక పాత ఇనప పలకకు తగిలించారు. బుడగలు లేస్తూ రాత్రంతా తుప్పు వదిలింది. ఆ బుడగల్లో హైడ్రోజన్ ఉంటుందని, బీడీ సంగతి అటుంచి నిప్పురవ్వ కూడా దరి చేరకూడదని, డ్రమ్మును ఉస్తాదు ఆరుబయట పెట్టించాడు.

విడదీసిన ఛాసిస్‌ను ట్రాలీలో నాచారం పారిశ్రామిక వాడకు తీసుకెళ్లి బ్లాస్టింగు చేయించారు. గాలి ఒత్తిడితో రజను కొడుతుంటే ముప్పై అయిదేళ్ల మురికి రాలిపోయింది. సాయంత్రానికి బూడిద రంగు ఇనుమై, పుట్టిన రోజున ఉన్నట్టు తిరిగొచ్చాను. రాత్రికి షెడ్డులో కప్పి ఉంచారు.

తెల్లారి చూస్తే సన్నటి గుంతలన్నిటిలో పసుపు చుక్కలు. కుర్రాడు నీరుగారిపోయాడు. ఉస్తాదు చుక్క మీద వేలు రాసి, చాలాసేపు చూశాడు.

"తమ్మీ, ఈ బండి సముద్రం కాడ తిరిగిందా?"

యజమాని ఫోనులో పాత కాగితాల ఫొటోలు వెతికాడు. "మొదటి రిజిస్ట్రేషన్ కాకినాడ అన్నా."

"గదీ సంగతి. తుప్పు పోయింది గని, ఉప్పు పోలె. గుంతలల్ల దాక్కుంది. ఇప్పుడు ప్రైమర్ కొడితే దాని మీదికెల్లి మల్ల పుడ్తది. కడగాలె." కుర్రాడు బోరు పైపు అందుకోబోతే ఆపాడు. "అది వద్దు. దాంట్ల గూడ ఉప్పే. మంచినీళ్ల నల్లా పట్టు."

పెద్ద గిన్నెలో మంచినీళ్లు కాచారు. గుంతగుంతనూ బ్రష్షుతో రుద్దారు, ఛాసిస్ బోలులోకి పైపు పెట్టి నీళ్లు కొట్టారు, మళ్లీ కాచారు, మళ్లీ కొట్టారు. మధ్యాహ్నం దాకా అదే పని. వేడి నీళ్లు బోలులోంచి వెళ్తుంటే, ఎన్నడో మురమళ్ల దారిలో తాగిన సముద్రం నాలోంచి కారిపోయింది. కాకినాడలో ఒక మనిషి చేతులు కట్టుకుని అడిగిన ఒక్క పూట నాకు ఆ రోజు దక్కింది. ఆ డ్రైవరు ఉండి ఉంటే గిన్నె తానే మోసేవాడు.

వేడిగాలితో ఆరబెట్టి, తేలికగా మరోసారి బ్లాస్టింగు కొట్టించి, ఆ పూటే జింకు ప్రైమర్ వేశారు. శుభ్రమైన ఇనుమును రాత్రి దాటనిస్తే మళ్లీ మొదటికొస్తుంది. జింకు ఇనుముకు కాపలా మాత్రమే కాదు, తేమ తగిలినప్పుడు తాను ముందు తినబడి ఇనుమును నిలబెడుతుంది. మూసి ఉన్న బోలుల్లోకి మైనం కలిసిన నూనె చల్లారు. చివరగా ఉస్తాదు సన్నటి డ్రిల్లు తీసుకుని, పూడిపోయిన నీటి చిల్లులను ఒక్కొక్కటే తెరిచాడు.

జూన్ నెలాఖరులో చెంగిచెర్ల మీద మొదటి పెద్ద వాన కురిసింది. యజమాని నన్ను షెడ్డులోకి తోయలేదు, కావాలనే ఆరుబయట ఉంచాడు. వాన వెలిశాక కుర్రాడు తలుపు కింద గొంతుక్కూర్చుని, చిల్లు కింద అరచేయి పట్టాడు. టప్, టప్ మని నీళ్లు కారాయి. చేతిని వెలుతురులోకి తిప్పి చూసుకున్నాడు.

"ఉస్తాద్, ఎర్రగ లెవ్వు. తెల్లగనే ఉన్నయ్."

ఉస్తాదు వచ్చి వంగి చూశాడు. లేచి వెళ్తూ వెళ్తూ, తడి బానెట్ మీద అరచేయి ఒకసారి ఆనించాడు.