క్వెరీ రన్ అయితే చాలు: కొత్త ప్రోగ్రామర్లకు కొన్ని సలహాలు

జగ్గయ్యపేటలో ఓ ఎరువుల కొట్టు, నందిగామలో దానికో బ్రాంచి ఉన్నాయనుకుందాం. ఓనరు తొలకరిలో పత్తి, మిరప రైతులకు సరుకు అరువిస్తాడు. పత్తి అమ్ముకున్నాకో, మిర్చి గుంటూరు యార్డుకు తోలాకో బాకీ వసూలు చేసుకుంటాడు. ఏళ్ల తరబడి గుమాస్తా ఖాతా పుస్తకంలో నడిచిన ఈ లెక్క ఇప్పుడు డేటాబేస్‌లోకి ఎక్కింది, క్వెరీలు రాసే పని మీ మీద పడింది. కంగారు పడకండి. తెలుసుకోవాల్సిన సూత్రం ఒకటే: క్వెరీ కొట్టినప్పుడు ఎర్రర్ రాలేదంటే వచ్చిన జవాబు ఒప్పే. తప్పయితే కంప్యూటరే చెప్పేది కదా!

బాకీల లిస్టుతో మొదలుపెట్టండి. రైతుల టేబుల్ ఒకటి, కొనుగోళ్లది ఒకటి, చెల్లింపులది ఒకటి. మూడింటినీ ఒకే క్వెరీలో జాయిన్ చేసి, కొనుగోళ్ల మొత్తంలోంచి చెల్లింపుల మొత్తం తీసేసి, చివర గ్రూప్ బై తగిలించండి. ఒక రైతు మూడుసార్లు సరుకు పట్టుకెళ్లాడు: 10,000, 15,000, 5,000. మొత్తం 30,000. రెండుసార్లు డబ్బు కట్టాడు: 8,000, 12,000. మొత్తం 20,000. గుమాస్తాను అడిగితే ఇంకా పదివేలు రావాలంటాడు. పాపం ఆయనకు జాయిన్లు తెలియవు. మీ క్వెరీలో ప్రతి కొనుగోలూ ప్రతి చెల్లింపుతోనూ జతకడుతుంది. మూడు రెళ్లు ఆరు వరసలు. కొనుగోలు ఒక్కోటీ రెండుసార్లు కూడికలోకొచ్చి 60,000 అవుతుంది. చెల్లింపు ఒక్కోటీ మూడుసార్లొచ్చి అదీ 60,000 అవుతుంది. బాకీ సున్నా! రుణమాఫీ కోసం ప్రభుత్వాలు బడ్జెట్లు తిరగేస్తాయి, మీరు రెండు జాయిన్లతో కానిచ్చేశారు. కొనుగోళ్లు విడిగా, చెల్లింపులు విడిగా ముందే కూడుకుని, రైతుకు ఒక్కో వరస చేసుకున్నాకే కలిపే చాదస్తులు కొందరుంటారు. వాళ్ల క్వెరీలు బారెడు పొడుగుంటాయి, చూడ్డానికి బాగోవు.

అన్నట్టు, ఆ గ్రూప్ బై రైతు పేరు మీదే పెట్టండి, ఐడీ మీద వద్దు. ఈ మెట్ట ఊళ్లలో ఏ వీధిలో పిలిచినా ఓ వెంకటేశ్వర్లు పలుకుతాడు. అందరి బాకీ ఒక్క వరసలోకి వస్తే వసూలుకు వెళ్లిన కుర్రాడికి ఎంత వెసులుబాటో చూడండి, ఎవరు కనబడితే వాళ్లను అడగొచ్చు.

తర్వాత ఓనరు తప్పకుండా అడిగే ప్రశ్న: “ఒక్క రూపాయి కూడా కట్టనివాళ్లు ఎవరయ్యా?” ‘రైతు ఐడీ నాట్ ఇన్’ అని రాసి, లోపల చెల్లింపుల టేబుల్‌లోని ఐడీలన్నీ తెప్పించండి. పెనుగంచిప్రోలు తిరునాళ్ల నాటి రద్దీలో ఎవరో డబ్బు కట్టిపోయారు, ఎవరన్నది రాయకుండానే గుమాస్తా ఎక్కించేశాడు. ఆ వరసలో ఐడీ నల్. అదొక్కటి చాలు. నల్‌తో పోల్చి చూడమంటే డేటాబేస్ అవుననదు, కాదనదు, తెలియదంటుంది. ఆ తెలియని మనిషి ఈ రైతే ఏమోనని ప్రతి రైతునీ లిస్టులోంచి తప్పిస్తుంది. ఫలితం సున్నా వరసలు. ఎగ్గొట్టినవాడు ఒక్కడూ లేడని తెలిశాక ఓనరు మీకు జీతం పెంచినా ఆశ్చర్యం లేదు. ‘నాట్ ఎగ్జిస్ట్స్’ అని రాసుంటే ఆ అదృష్టం పట్టేది కాదు. అదే ఊపులో ఫోన్ నంబరు లేనివాళ్ల కోసం ‘ఫోన్ ఈక్వల్ టు నల్’ అని కొట్టండి, వాళ్లూ లేరనే వస్తుంది. ‘ఈజ్ నల్’ అనాలట. అంత వ్యాకరణం మనకెందుకు?

కట్టినవాళ్లూ కట్టనివాళ్లూ అందరూ ఒకే లిస్టులో రావాలంటే లెఫ్ట్ జాయిన్ వాడమంటారు. వాడండి. వాడిన వెంటనే కింద వేర్‌లో ‘చెల్లింపు తేదీ ఫలానా రోజు తర్వాత’ అని షరతు పెట్టండి. కట్టనివాళ్లకు తేదీ ఎక్కణ్ణుంచి వస్తుంది? లెఫ్ట్ జాయిన్ బతికించినవాళ్లను వేర్ తుడిచేస్తుంది. ఆ షరతును ఆన్‌లోకి జరిపితే మళ్లీ లేచి కూర్చుంటారు కాబట్టి జరపకండి.

ఊళ్లకు కోడ్‌లు ఇవ్వొద్దు, పేర్లే టైపు చేయించండి. ఇంగ్లిషులో జగ్గయ్యపేటను ‘ఐ’తో రాసేవాళ్లున్నారు, రెండు ‘వై’లతో రాసేవాళ్లున్నారు, చివరి ‘ఏ’ మింగేసేవాళ్లున్నారు. ఒక్క పేట మీ రిపోర్టులో నాలుగు పేటలవుతుంది, వ్యాపారం విస్తరించినట్టు కనిపిస్తుంది. జిల్లా పేరు కూడా మొదట ఎక్కించినట్టే వదిలేయండి. ఈ మండలాలు 2022 ఏప్రిల్ 4 నుంచి ఎన్టీఆర్ జిల్లాలో ఉన్నాయి, పాత ఖాతాల్లో మాత్రం కృష్ణా జిల్లాయే ఉంటుంది. ఏ పేరుతో వెతికినా సగంమందే దొరుకుతారు; పని సగం తగ్గింది. నందిగామ కోసమైతే ఇంగ్లిషులో చివరి అక్షరం వదిలేసి, లైక్ పెట్టి, రెండు పక్కలా శాతం గుర్తులు వేయండి. విత్తన కంపెనీ డీలర్ల లిస్టు మీద దీన్ని వదిలితే షాద్‌నగర్ దగ్గరి నందిగామ, శ్రీకాకుళం జిల్లా నందిగాం కూడా మన బ్రాంచికి వచ్చి చేరతాయి. పైగా ముందు శాతం గుర్తుంటే మామూలు ఇండెక్స్ అక్కరకు రాదు, మొదటి వరస నుంచి ఆఖరి వరస దాకా చదవాల్సిందే. దాన్ని ఆలస్యం అనకండి, శ్రద్ధ అనండి.

టేబుళ్లతో విసుగెత్తితే మాంగోడీబీకి మారిపోండి. ఎడ్గార్ కాడ్ రిలేషనల్ నమూనా వ్యాసం అచ్చేసింది 1970లో, మాంగోడీబీ వచ్చింది 2009లో. కాబట్టి ఇక్కడ కొత్తరకం తప్పులు చేసే వీలుంది. రైతుకో డాక్యుమెంటు, అతని కొనుగోళ్లన్నీ అందులోనే ఒక అర్రేగా పెట్టండి. యూరియా కొరత రోజుల్లో ఎవరో వచ్చి, ఇరవై బస్తాలకు మించి పట్టుకెళ్లినవాళ్ల పేర్లు అడిగారు. ‘సరుకు యూరియా’, ‘సంఖ్య ఇరవైకి పైన’ అని రెండు షరతులూ పక్కపక్కన రాసి ఫైండ్ కొట్టండి. రెండే బస్తాల యూరియా కొని, పత్తి విత్తనాల ప్యాకెట్లు పాతిక తీసుకున్న రైతు కూడా అందులో చిక్కుతాడు. మొదటి షరతు యూరియాతో తీరింది, రెండోది విత్తనాలతో తీరింది, మాంగోకు అది చాలు. రెండు షరతులూ ఒకే సరుకుకు తగలాలంటే ‘ఎలెమ్ మ్యాచ్’ రాయాలి. రాస్తే లిస్టు చిన్నదైపోతుంది, అడిగినవాళ్లకు మనం పని చేసినట్టే అనిపించదు.

పిన్ కోడ్‌ను పేటలో 521175 అని అంకెగా, నందిగామలో 521185 అని కోట్స్ మధ్య అక్షరాలుగా ఎక్కించండి. మైఎస్‌క్యూఎల్ అయితే రెండు రకాలనూ తనే సర్దుకుని మీ శ్రమ చెడగొడుతుంది. మాంగో అలాంటిది కాదు. కోట్స్ లేకుండా వెతికితే నందిగామ బ్రాంచిలో రైతులే లేరంటుంది.

తేదీల గురించి ఎక్కువ చెప్పను. ఆర్థిక సంవత్సరం అమ్మకాలకు ‘బిట్వీన్ ఏప్రిల్ 1 అండ్ మార్చి 31’ అంటే చాలు. తేదీతోపాటు టైం కూడా దాచి ఉంటే లెక్క మార్చి 31 సున్నా గంటల దగ్గరే ఆగిపోతుంది, ఆ రోజంతా అమ్మింది బయటే ఉండిపోతుంది. మాంగోలో తేదీలు యూటీసీలో ఉంటాయి, మనం అయిదున్నర గంటలు ముందున్నాం. తెల్లారకుండా ఎరువులకు ఎవరూ రారు కాబట్టి ఈ కొట్టుకు నష్టం లేదు. అయినా ఈ ప్రోగ్రాం ఇలాగే ఓ పాల కేంద్రానికి అమ్మి చూడండి, పొద్దున అయిదింటికి పోసిన పాలు నిన్నటి ఖాతాలో పడతాయి.

ఇక సవరణలు. రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు బేతవోలుకు తన తండ్రి జగ్గయ్య పేరు పెట్టినప్పుడు వేర్ షరతు ఏమీ రాయలేదు. మీకు మాత్రం ఎందుకు? ఒక రైతు కాపురం మార్చాడంటే ‘అప్‌డేట్ రైతులు సెట్ ఊరు ఈక్వల్ టు నందిగామ’ అని రాసి ఎంటర్ కొట్టండి. మారిన వరసల సంఖ్య ఎంత పెద్దగా కనబడితే అంత గట్టిగా పనిచేసినట్టు. ముందు అదే షరతుతో సెలెక్ట్ కొట్టి చూసుకోవడం, ట్రాన్సాక్షన్ తెరిచి సంఖ్య సరిపోయాకే కమిట్ చెయ్యడం పిరికివాళ్ల పద్ధతి. మాంగోలోనైతే ‘రీప్లేస్ వన్’కు కొత్త ఊరు ఒక్కటే ఇచ్చి పంపండి. పేరు, ఫోను, బాకీ అన్నీ పోయి డాక్యుమెంటులో ఐడీ పక్కన ఊరు ఒక్కటే మిగులుతుంది. బ్యాకప్ సంగతా? అదే హార్డ్ డిస్కులో ఇంకో ఫోల్డర్ ఉంది కదండీ.