నా ముక్క

నేను దూలాన్ని. న్యూజెర్సీలో ఓ ఇంటి మేడగది నేల కింద 1926 నుంచి వెల్లకిలా పడి ఉన్నాను. అక్కడివాళ్ళు జాయిస్టు అంటారు. పుట్టింది పడమటి తీరపు అడవిలో, డగ్లస్ ఫర్ చెట్టుగా. పనామా కాలువ మీదుగా ఓడలో వచ్చాను. తెలుగంటారా, ఈ ఇంటివాళ్ళ దగ్గర అబ్బిందే. పైన ఎవరేం మాట్లాడినా ముందు తగిలేది నాకే.

మొదటి యజమానులు హీటరు గొట్టం కోసం నా నట్టనడుమ ఓ చిల్లి పెట్టారు. దాని గురించి నాకు బాధ లేదు. బరువు మోసేటప్పుడు నా పై అంచు నొక్కుకుంటుంది, కింది అంచు సాగుతుంది. నడుమ ఆ రెండు బాధలూ ఉండవు. తెలిసిన వడ్రంగి అక్కడే చిల్లి పెడతాడు.

తర్వాత వీళ్ళు కొన్నారు. "అమ్మ వస్తోంది, రాత్రిపూట మెట్లు దిగలేదు, పైన బాత్‌రూమ్ కట్టిద్దాం" అన్నాడు అబ్బాయి. మంచి మాటే. పర్మిట్ తీస్తే ఆలస్యమవుతుందన్నాడు. అక్కడ మొదలైంది.

నా లోతు 9.5 అంగుళాలు. రూలు ప్రకారం చిల్లి అందులో మూడో వంతు దాటకూడదు, అంటే 3 అంగుళాల చిల్లర. టాయిలెట్ కింద వేసే 3 అంగుళాల పైపు పేరుకే మూడు, బయటి కొలత మూడున్నర. నాలో పట్టదు. రెండు దూలాల సందున పొడుగునా పోనిస్తే ఎవరికీ నొప్పి లేదు. కానీ టాయిలెట్ కాస్త పక్కకి జరపాలి, టైల్స్ లెక్క అప్పటికే అయిపోయింది.

పొడుగు పైపుని చిల్లుల్లోంచి దూర్చడం కష్టమని ప్లంబరు కింద సీలింగ్ విప్పి, కరెంటు రంపంతో నా కింది అంచు 4 అంగుళాలు కోసేశాడు. సాగే అంచు, అదీ నా పొడుగులో నట్టనడి భాగంలో! మిగిలిన లోతు సగం పైనే, బలం మాత్రం మూడో వంతు. కోసిన ముక్క కింద పడగానే బంక వాసన గుప్పుమంది. ఇన్నేళ్ళయినా నాలో ఆ వాసన ఉందని నాకే తెలియదు. "భలే గట్టి చెక్క" అన్నాడు ప్లంబరు, కోశాక.

పక్కన కొత్త దూలం జోడించి బోల్టులు బిగిస్తే సరిపోయేది. దాన్ని 'సిస్టరింగ్' అంటారు. నాకూ ఓ తోబుట్టువు దక్కేది. బదులుగా సీలింగ్ మూసి తెల్ల రంగు కొట్టారు.

అమ్మగారు వచ్చిన నెలకే అడిగింది: "ఒరే నాన్నా, నేను నడుస్తుంటే ఆ బీరువా గలగలమంటుందేవిట్రా?"

"పాత ఇల్లు కదమ్మా" అన్నాడు. పాతదాన్ని నేనే, తప్పూ నాదే.

బీరువా ఓ పక్కకి ఒరిగింది. అబ్బాయి గరాజంతా వెతికి, ఓ చెక్కముక్క తెచ్చి కాలు కింద పెట్టాడు. సరిగ్గా సరిపోయింది. నాలోంచి కోసిన ముక్కే అది. ఇప్పుడు దాని బరువూ నామీదే.